రెండు కర్రలు, ఒక చుక్క

కువైట్‌లో ఒకరింట్లో పిల్లల్ని చూసుకునే పని నాది, ఉండేది వాళ్లింట్లోనే. జీతంలో పట్టుకున్న డబ్బులో 42 దీనార్లు నిన్న తిరిగొచ్చాయి. పట్టుకున్నది మొత్తం 57.

అగ్రిమెంటులో నెలకు 110. మొదటి నెల చేతికిచ్చింది 83. అకామా (ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి) కింద 10, పాలసీసా వేడిచేసే మిషను పగిలిందని 8, ఫోన్ రీఛార్జికి 5, జ్వరం మందులకు 4 పట్టుకున్నారు. తర్వాతి రెండు నెలలూ అకామాకి 10, రీఛార్జికి 5 పట్టుకుని 95 చొప్పున ఇచ్చారు.

2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఇంటిపని వాళ్ల కోసమే. తిండి, బట్టలు, మందులు, వైద్యం యజమాని ఖర్చే. జీతంలోంచి ఏదీ కోయకూడదు. ఆలస్యం చేస్తే నెలకు 10 దీనార్లు అదనంగా ఇవ్వాలి. ఇవన్నీ ఊళ్లో మా ఏజెంటుకు తెలియవా? తెలుసు. కమీషను లెక్కపెట్టుకునేటప్పుడు గుర్తు రాలేదంతే.

ఇక్కడి లేబర్ ఆఫీసులో ఫిర్యాదు రాయించడం తేలికే. అగ్రిమెంటు, సివిల్ ఐడీ (గుర్తింపు కార్డు) నకళ్లు తీసుకెళ్లాను. అసలు దెబ్బ ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడిన రోజు తగిలింది. ఇంటావిడ (మామా అంటాం) బ్యాగులోంచి మూడు రసీదులు తీసి బల్లమీద పరిచింది. మూడింటి మీదా నా సంతకమే. మూడింట్లోనూ అరబ్బీ అంకెల్లో 110. అరబ్బీలో ఒకటి నిలువు కర్ర, సున్నా చుక్క, మన సున్నాలా గుండ్రంగా ఉండేది ఐదు. ‘రెండు కర్రలు, ఒక చుక్క’ అంటే 110 అని పట్టించుకోకుండా ప్రతి నెలా నవ్వుతూ సంతకం పెట్టాను. ఆరేళ్ల పిల్లాడికి ఆ అంకెలు దిద్దించేది నేనే, అయినా రసీదు మీద చూసుకోలేదు! తర్జుమా చేసేవాడు నావైపు చూసిన చూపు ఇంకా మండుతోంది.

గట్టెక్కించింది ఆవిడ గొంతే. ‘అకామాకి పది తీసేశాను, మిషనుకి ఎనిమిది’ అని వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజీలు నేను తుడిచెయ్యలేదు. ఇంటికి డబ్బు పంపిన చీటీలు కూడా పెట్టాను కానీ, జీతం ఎంతిచ్చారో అవి చెప్పవు, ఎంత పంపామో మాత్రమే చెబుతాయి. వాటినే నమ్ముకుంటే పని జరగదు.

రీఛార్జి 15 వదిలేశాను. తెచ్చిపెట్టమని అడిగింది నేనే కదా.

డబ్బు లెక్కపెట్టాకే సంతకం పెట్టండి. పక్కనే మీ చేత్తో, తెలుగులోనైనా సరే, అందిన మొత్తం, తేదీ రాయండి. వెంటనే ఫోటో తీసి ఊళ్లో మనిషికి పంపండి. ఫోను లాక్కున్నా అది ఉంటుంది. ఖాళీ కాగితం మీద వేలిముద్ర చస్తే వెయ్యొద్దు. మదద్ పోర్టల్‌లో (మన విదేశాంగ శాఖ వెబ్‌సైటు) ఇంటివాళ్లు కూడా ఫిర్యాదు పెట్టొచ్చు.

కోపంలో ఇల్లు వదిలి బయటికి రాకండి. ముందు ఫిర్యాదు నమోదు కావాలి. లేకపోతే పారిపోయిందని కఫీలే (వీసా ఇప్పించిన యజమాని) కేసు పెడతాడు, అకామా పోయి ఖల్లివల్లి (కాగితాల్లేని మనుషులం) అవుతాం. నా గదిలో ఉండి వెళ్లిపోయిన పిల్ల అలాగే ఇరుక్కుంది, ‘ధైర్యంగా వచ్చేయ్’ అన్న సలహాదారులు తర్వాత ఫోనెత్తలేదు.

ఈ నెల జీతం బ్యాంకులో పడింది. రీఛార్జి బకాలాలో (వీధి కిరాణా కొట్టు) నేనే కొనుక్కుంటున్నా.