గుమ్మం దగ్గర బ్యాగు: మా బావను ట్రీట్‌మెంట్‌కి ఒప్పించడానికి మేం పడ్డ పాట్లు

మా బావను మొదటిసారి కూర్చోబెట్టి మాట్లాడింది రాత్రి పదిన్నరకి. అంతకంటే చెత్త టైం ఇంకోటి ఉండదని ఇప్పుడు తెలుసు. అక్క ఏడుస్తూ ఫోన్ చేసింది, నేనూ నాన్నా ఉన్నపళంగా బయల్దేరాం. బావ అప్పటికే బాగా తాగి ఉన్నాడు. నాన్న గుమ్మంలోనే అందుకున్నారు, "నా కూతురి బతుకు బుగ్గి చేశావు కదరా" అని. బావ తిరగబడ్డాడు. నేను సర్దిచెప్పబోయి ఇంకో నాలుగు మాటలు అనేశాను. చివరికి బావ భోరుమని ఏడ్చి, పిల్లల మీద ఒట్టేసి, ఇక ముట్టనన్నాడు. పని అయిపోయిందనుకుని ఇంటికొచ్చాం. తెల్లారి అక్కని అడిగితే, మేం వచ్చిన సంగతి ఆయనకి సగం సగం గుర్తుందట. ఒట్టు మాత్రం అసలు గుర్తులేదట.

నెల తర్వాత ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాం, బావ లేకుండా. తాగే మనిషి రాకుండా మనం వెళ్లి ఏం లాభం అని అక్క దారంతా అంటూనే ఉంది. ఆ మేడం మాత్రం ఇది రోజూ జరిగేదే అన్నట్టు కుర్చీలు చూపించి, ముందుగా ఒకటే అడిగారు.

"పొద్దున లేవగానే ఆయన చేతులు వణుకుతాయా?"

అక్క తలూపింది. ఏడాదిగా వణుకుతున్నాయట. లేచిన గంటలోపు ఒక పెగ్గు పడితేగానీ చొక్కా గుండీలు పెట్టుకోలేడట. వారానికోసారి ఆ ఇంటికి వెళ్లే నాకు ఆ సంగతే తెలియదు.

"అయితే ఇంట్లో ఉన్నట్టుండి మాన్పించకండి" అన్నారు మేడం. అంతగా అలవాటుపడిన ఒంటికి మందు ఒక్కసారిగా ఆగిపోతే, చివరిసారి తాగిన కొన్ని గంటలకే వణుకు, చెమటలు మొదలవుతాయి. 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి మతి చెదిరి, లేనివి కనబడతాయి, గుండె దడదడలాడుతుంది. ప్రాణం పోయిన వాళ్లూ ఉన్నారు. అందుకే మొదటి మజిలీ ఆసుపత్రి అన్నారు. అప్పటికి నా దగ్గరున్న ప్లాన్ ఏమిటంటే, నాలుగు రోజులు గదిలో పెట్టి బయట తాళం వేయడం. ఆ మాట నోటి దాకా వచ్చింది, మింగేశాను.

బావ తమ్ముడు ఇంకో ఉపాయం తెచ్చాడు. "తెలియకుండా అన్నంలో కలిపి పెట్టే మాత్ర ఉందట కదా మేడం?" ఉంది, పేరు డైసల్ఫిరామ్. అది వేసుకున్న మనిషి తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బున్న వాళ్లకి మరీ ప్రమాదం. మాత్ర ఆపేసిన రెండు వారాల వరకూ ఆ గొడవ ఉంటుంది. మనిషికి చెప్పకుండా ఇవ్వకూడని మందు అది, ఒప్పుకుని తన చేత్తో వేసుకునే వాళ్లకే పనిచేస్తుంది అన్నారు. బావ తమ్ముడు తలకాయ దించుకున్నాడు. అప్పటికే కొని జేబులో పెట్టుకు తిరుగుతున్నాడని తర్వాత తెలిసింది.

తర్వాతి ప్రశ్న నాకు తగిలింది. "ఆయన అప్పులు ఎవరు తీరుస్తున్నారు?"

నేనే. రెండేళ్లలో మూడుసార్లు. అక్క అడిగిందని ఒకసారి, పరువు పోతుందని ఒకసారి, మూడోసారి ఎందుకో నాకే తెలియదు. అక్క సంగతికొస్తే, బావ లేవలేని రోజున ఆఫీసుకి ఫోన్ చేసి జ్వరం అని చెప్పేది. అత్తమ్మ కొడుకు చిరాకు చూడలేక తన డబ్బులోంచి తీసిచ్చేది. మేడం ఎవరినీ తప్పుపట్టలేదు. ఒక కాగితం మీద మా పేర్లు వరసగా రాసి, ఒక్కొక్కరి ఎదురుగా ఎవరేం చేస్తున్నారో రాశారు. ఆ కాగితం చూస్తే బావ తాగుడు సాగడానికి పెట్టుకున్న స్టాఫ్‌లా ఉన్నాం మేం.

మేడం చెప్పిన ఒక దారి, ఇంటిల్లిపాదీ ముందే సిద్ధమై తాగే మనిషితో కూర్చుని మాట్లాడటం. ఆ పద్ధతిని ఇంగ్లిష్‌లో ఇంటర్వెన్షన్ అంటారు. 1960లలో అమెరికాలో వెర్నన్ జాన్సన్ అనే ప్రీస్ట్ దీన్ని ఒక క్రమంలో పెట్టాడు. ఆయనే ఒకప్పుడు తాగుడు నుంచి బయటపడ్డ మనిషి. అంతా సర్వనాశనమయ్యేదాకా ఆగక్కర్లేదు, దగ్గరివాళ్లు ఉన్నదున్నట్టు ముందే చూపించొచ్చు అన్నది ఆయన ఆలోచన. ఇది పనిచేస్తుందా అని అక్క సూటిగా అడిగింది. మేడం కూడా సూటిగానే చెప్పారు. 1999లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో 130 మంది కుటుంబసభ్యులను మూడు దారుల్లో పెట్టి చూశారు. జాన్సన్ పద్ధతి నేర్చుకున్న వాళ్లలో 30 శాతం మంది తమ మనిషిని ట్రీట్‌మెంట్ దాకా తీసుకురాగలిగారు. ఇంట్లోవాళ్లు తమ నడవడికే మార్చుకునే క్రాఫ్ట్ అనే పద్ధతిలో అది 64 శాతం. అల్-అనాన్ దారిలో వెళ్లిన వాళ్లలో 13 శాతం. అల్-అనాన్ అంటే తాగేవాళ్ల కుటుంబాల కోసం 1951లో మొదలైన సంఘం. అయినా అది తాగే మనిషిని లాక్కురావడానికి పెట్టింది కాదు, ఇంట్లోవాళ్లు నిలదొక్కుకోవడానికి పెట్టింది అన్నారు. అక్క ఇప్పటికీ వెళ్తోంది.

ఆ 30 శాతం వెనక ఇంకో సంగతి ఉంది. ఆ గుంపులో చాలా కుటుంబాలు అసలు ఆ మాట్లాడే రోజు దాకా రానేలేదట, మధ్యలోనే విరమించుకున్నారట. అదేం పిరికితనం అనుకున్నాను. ఆ తర్వాత మేమే రెండుసార్లు వాయిదా వేశాం.

మేడం మా చేత జాన్సన్ పద్ధతీ, క్రాఫ్టూ రెండూ కలిపి చేయించారు. ముందు నెల రోజులు అక్క నోట్‌బుక్ రాసింది. ఎప్పుడు తాగాడు, అంతకుముందు ఏం జరిగింది, తాగాక ఏం చేశాడు, ఏ వేళ మనిషి మామూలుగా ఉన్నాడు. బావ బాగున్నప్పుడు పక్కన కూర్చుని కబుర్లు చెప్పాలి, తాగొచ్చినప్పుడు గొడవ పడకుండా వేరే గదిలోకి వెళ్లిపోవాలి. అక్క అప్పటిదాకా సరిగ్గా తిరగేసి చేసేది. మందు ముట్టని వేళ ముభావంగా ఉండేది, తాగొస్తే అర్ధరాత్రి దాకా మాట్లాడేది. ఆ నోట్‌బుక్ వల్లే టైం తేలింది. పొద్దున ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య. అసలు తాగకుండా ఉండే వేళ కోసం వెతికితే ఆయన రోజులో అది లేదు. వణుకు తగ్గి, మత్తు ఎక్కని ఆ గంటే ఉన్నవాటిలో నయం.

ఎవరు ఉండాలన్న దగ్గర పెద్ద గొడవైంది. నాన్న వద్దన్నారు మేడం. ఆయన ప్రేమకి లోటేం లేదు, నోరు అదుపులో ఉండదు. ఆ కబురు నాన్నకి చెప్పే పని నా మీద పడింది. రెండు వారాలు ఆయన నాతో మాట్లాడలేదు. పధ్నాలుగేళ్ల మేనకోడలిని కూడా వద్దన్నారు. ఒకవేళ ఆయన కాదంటే, తన వల్లే ఒప్పుకోలేదని ఆ పిల్ల జీవితాంతం మోస్తుందని. చివరికి అక్క, అత్తమ్మ, బావ తమ్ముడు, పంతొమ్మిదేళ్ల మేనల్లుడు, నేను, మేడం. అంతకుముందే ఆవిడ ఇంకో రెండు విషయాలు అక్కని విడిగా అడిగారు. ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నారా, చచ్చిపోతానని అన్నారా అని. వాటికి అవునని జవాబొస్తే ఇలా అందరూ చుట్టూ కూర్చునే పని పెట్టుకోనని, వేరే దారి చూస్తానని చెప్పారు.

ఉత్తరాలు రాయడానికి మూడు వారాలు పట్టింది. చదివి వినిపించాలి, ఒక్కొక్కరిదీ రెండు నిమిషాలు మించకూడదు. మేనల్లుడి మొదటి కాగితం "నువ్వు నాకు తండ్రివే కాదు" అని మొదలైంది. మేడం అది కొట్టేయలేదు. "ఇది నిజమేనా?" అని అడిగారంతే. వాడు చాలాసేపు కాగితం వైపే చూసి, తనే కొట్టేశాడు. "ఎప్పుడూ", "ఎన్నడూ", "తాగుబోతు" అన్న మాటలు కనబడితే మాత్రం ఆవిడ పెన్సిల్‌తో సున్నా చుట్టేవారు. ఒక రోజు, ఆ రోజు కళ్లతో చూసింది, అప్పుడు మనసుకి ఏమనిపించింది. అంతే రాయాలి. వాడు చివరికి రాసింది పరీక్ష రోజు సంగతి. నన్ను దింపుతానన్నావు. హెల్మెట్ పెట్టుకుని గేటు దగ్గర నలభై నిమిషాలు నిలబడ్డాను. లోపలికొచ్చి చూస్తే షూ ఒకటే వేసుకుని మంచం మీద పడుకుని ఉన్నావు. ఆ రెండో షూ నేనే తొడిగి వెళ్లాను, ఎందుకో తెలియదు.

షరతుల దగ్గర అక్క తడబడింది. "కాదంటే ఇల్లు వదిలి వెళ్లిపోతానని చెప్తాను" అంది. "సోమవారం పొద్దున వెళ్లగలవా అమ్మా?" అన్నారు మేడం. వెళ్లలేనంది అక్క. చేయలేనిది అంటే రెండోసారి మన మాటకి విలువుండదు అన్నారు. చివరికి మిగిలినవి చాలా చిన్నవి. అక్క ఇక ఆఫీసుకి ఫోన్ చేయదు, పిల్లల్ని ఆయన నడిపే బండి ఎక్కనివ్వదు. నేను అప్పు తీర్చను. అత్తమ్మ డబ్బివ్వదు. ఇంతేనా అనిపించింది నాకు.

ఆసుపత్రిలో ముందే మాట్లాడి బెడ్ ఖాయం చేశాం. "సరే" అన్నాక ఫోన్లు చేస్తూ కూర్చుంటే ఆ "సరే" సాయంత్రానికి ఉండదు. బ్యాగు సర్ది గుమ్మం పక్కన పెట్టాం. ఆయన వేయబోయే అడ్డుపుల్లలన్నీ రాసుకుని జవాబులు అనుకున్నాం. సెలవు లేదు, ఇంటి పనులెవరు చూస్తారు, వచ్చే నెల వెళ్తా. మేడం బావలా కూర్చుంటే మేం రిహార్సల్ చేశాం. ఆవిడ ఎంత బాగా చేశారంటే బావ తమ్ముడికి నిజంగా కోపమొచ్చింది.

ఆ ఆదివారం ఎనిమిదీ పదికి మొదలుపెట్టాం. మొదట నేను, రెండు వాక్యాలు చదివానో లేదో, "ఏంటిది, నన్ను కోర్టులో నిలబెట్టారా?" అన్నాడు. "లేదు బావా, ఇవి విను చాలు" అన్నాను. రిహార్సల్‌లో ఈ మాట బాగానే వచ్చింది, అప్పుడు గొంతు పెగల్లేదు. మేనల్లుడు చదివేటప్పుడు కాగితం మడత దగ్గర తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. షూ దగ్గరికి వచ్చేసరికి వాడు చదవడం మానేసి చూడకుండానే చెప్పేశాడు. బావ తన కాళ్ల వైపు చూసుకున్నాడు. ఇక అత్తమ్మ వంతు. ఆవిడ కాగితం పక్కన పడేసి లేచి, "వద్దులేరా నాన్నా, నిన్నెవరూ ఏమీ అనరు" అని కొడుకు చెయ్యి పట్టుకుంది. నెలల తరబడి కట్టుకున్నదంతా ఒక్క నిమిషంలో కూలిపోయింది. బావ బయటికి వెళ్లిపోయాడు. వెంటపడొద్దని ముందే అనుకున్నాం గనక ఎవరూ కదల్లేదు. ఇరవై నిమిషాలకి వచ్చి, "నా సంగతి నేను చూసుకుంటా" అని గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

మేడం వెళ్తూ వెళ్తూ ఒకటే చెప్పారు. "బ్యాగు తీయకండి. చెప్పినవి మాత్రం చేయండి."

బ్యాగు పదకొండు రోజులు అక్కడే ఉంది. మూడో రోజు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మోగుతూనే ఉంది, అక్క ఫోన్ ఆయన దగ్గర పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. చేతులు వణుకుతుంటే గ్లాసుడు నీళ్లు తాగానని తర్వాత చెప్పింది. ఆరో రోజు అప్పిచ్చినవాడు నాకు ఫోన్ చేశాడు, నాకు సంబంధం లేదన్నాను. అన్నాక గంటసేపు పచ్చి దుర్మార్గుడిలా అనిపించింది. నిజానికి అందరికంటే గట్టిగా నిలబడింది అత్తమ్మే. ఆ రోజు మాట తప్పిన ఆవిడ, తర్వాత ఒక్క రూపాయి ఇవ్వలేదు. పదకొండో రోజు తెల్లవారుజామున బావ అక్కని లేపి, "ఆ బెడ్ ఇంకా ఉందా?" అని అడిగాడట.

ఆసుపత్రిలో వారం రోజులు విత్‌డ్రాయల్‌కి, అంటే మందు ఆగినప్పుడు వచ్చే ఆ వణుకూ ఫిట్స్ లాంటివాటికి మందులు, బీ1 విటమిన్ ఇంజెక్షన్లు. తర్వాత నెలన్నర తాగుడు మాన్పించే సెంటర్లో. నాలుగో నెలలో ఒకసారి తాగాడు. నాన్న "నేను చెప్పలేదూ" అన్నారు. బావ రెండో రోజే తనంతట తను డాక్టర్ దగ్గరికి వెళ్లాడు, అది నాన్న లెక్కలోకి రాలేదు. ఇప్పటికి ఏడాదిన్నర. మేనల్లుడి ఉత్తరం అడిగి తీసుకున్నాడు. ఎక్కడ దాచుకున్నాడో అక్కకి కూడా తెలియదు.

మా సంగతి విని అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఫోన్ చేస్తుంటారు. మొన్న ఒకాయన, తమ్ముడికి తెలియకుండా పెట్టే మాత్ర పేరు చెప్పమన్నారు. ఆ మాత్ర సంగతి చెప్పి, పొద్దున లేవగానే తమ్ముడి చేతులు వణుకుతాయా అని అడిగాను. "ఒక్క నిమిషం ఉండండి, అమ్మని అడుగుతా" అన్నారాయన. ఫోన్ పట్టుకుని ఉన్నాను.