వేపచెట్టుకి గుండు కొట్టించాక

మా ఊరు శ్రీకాకుళం జిల్లా బారువకి దగ్గర. పెరట్లోంచి సముద్రం కనపడదు గానీ రాత్రి పడుకుంటే హోరు వినపడుతుంది. ఇల్లు పోగా మిగిలిన జాగాలో ఆరు కొబ్బరిచెట్లు, ఒక పనస, ఒక మామిడి, వీధి వైపు ఒక పెద్ద వేప ఉన్నాయి. నేను విశాఖలో ఉద్యోగం చేస్తాను. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. దసరా దగ్గరపడుతుంటే అందరికీ పండగ గుర్తొస్తుంది, తుఫాన్ల కాలం కదా, నాకు ఆ చెట్లు గుర్తొస్తాయి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. గాలి గంటకి 140 నుంచి 150 కిలోమీటర్లని తర్వాత పేపర్లో చూశాను. ఆ రాత్రి మాకు తెలిసింది చప్పుడు ఒక్కటే. తెల్లారి తలుపు తీస్తే ఎనిమిది కొబ్బరిచెట్లలో ఒకటి వేళ్ళతో సహా పడి ఉంది. ఇంకొకటి నిలబడే ఉంది గానీ మొవ్వు మెలితిరిగిపోయింది. బతుకుతుందేమో అని అమ్మ రోజూ దాన్ని చూస్తూనే ఉంది. సంక్రాంతి దాటాక అదీ మోడైపోయింది. మామిడికైతే పక్కనుంచి చిగురొస్తుంది. కొబ్బరికి పెరిగే చోటు ఆ మొవ్వు ఒక్కటే.

ఆ భయంతోనే మరుసటి ఏడాది వేప మీద పడ్డాను. ఎత్తు తగ్గిస్తే గాలికి పట్టు దొరకదని నా లెక్క. పక్క ఊరి నుంచి మెషిన్ రంపంతో ఒకతను వచ్చాడు. పదిహేను వందలు తీసుకుని మధ్యాహ్నానికల్లా పెద్ద కొమ్మలన్నిటినీ సగానికి కోసి పడేశాడు. ఒక్క ఆకు మిగలలేదు. నేను సంతోషంగా డబ్బులిచ్చి పంపాను.

వానలు పడగానే కోసిన ప్రతి మోడు చుట్టూ పది పదిహేను కొమ్మలు చీపురు కట్టలా లేచాయి. రెండేళ్ళలో చెట్టు మళ్ళీ పాత ఎత్తుకి వచ్చేసింది, ముందుకన్నా గుబురుగా. 2021 సెప్టెంబరు 26 సాయంత్రం గులాబ్ తుఫాను కళింగపట్నానికి పైన తీరం దాటింది. మా ఊరికి తగిలింది దాని అంచు మాత్రమే. ఆ మాత్రం గాలికే వేప కొత్త కొమ్మలు నాలుగు బెరడుతో సహా ఊడొచ్చాయి. ఒకటి నేరుగా సర్వీసు వైరు మీద పడింది. తిత్లీకి చెక్కుచెదరని చెట్టు గులాబ్‌కి విరిగిందేమిటో నాకు అప్పుడు అంతుపట్టలేదు.

మొన్న మే నెలలో గ్రామ సచివాలయంలో పని చేసే ఉద్యాన సహాయకురాలు ఇంటి ముందు నుంచి వెళ్తుంటే అమ్మ పిలిచి వేపని చూపించింది. పాత కొమ్మ మాను లోపలి నుంచి పుట్టి ఏటేటా దాని చుట్టూ చెక్క కట్టుకుంటుందట. కోసిన మోడు మీద లేచింది మాత్రం పైపైన బెరడు దగ్గర అతుక్కుని ఉంటుందట. పైగా ఆకంతా పోయిన చెట్టు కంగారుగా పెరుగుతుందని, ఒక్క ఏడాదిలో పచ్చటి గుబురులో నాలుగో వంతుకి మించి తీయకూడదని చెప్పింది. పడగొట్టేద్దామా అని ఆవిడని ఫోన్లో అడిగాను. కొమ్మలు తీయడం వేరు, మొదలంటా కొట్టడం వేరు, దానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, ముందు అనుమతి సంగతి కనుక్కోండి అంది. అయినా పచ్చటి వేపని కొట్టించడానికి అమ్మ ఎలాగూ ఒప్పుకోదు.

కొమ్మలు తీయడానికి మంచి మనిషిని ఆ ఉద్యాన సహాయకురాలే చెప్పింది. కవిటి వైపు తోటల్లో కొబ్బరి దింపే పెద్దాయన. అరవై దాటాయి. జూన్ మొదట్లో వచ్చి వేప కింద నిలబడి చాలాసేపు పైకి చూశాడు.

"ఏటి బాబూ, సెట్టుకి గుండు కొట్టించేసినారా?" అన్నాడు. "తల నరికితే సెట్టు పొట్టిదవదు. పిచ్చెక్కుద్ది."

అప్పుడే పని మొదలుపెట్టమన్నాను. ఒప్పుకోలేదు. పనసకాయలు ఇంకా ఉన్నాయి, మామిడి కాపు పూర్తిగా దిగలేదు, నెలాఖరుకి వస్తానన్నాడు. ఈలోగా కరెంటు వాళ్ళకి కాయితం పెట్టమన్నాడు. వీధి వైపు కొమ్మ తీగల మీదికి వాలి ఉంది కాబట్టి ఎల్‌సీ లేకుండా ఎక్కనన్నాడు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. మనం రాసిస్తే ఆ లైను ఆపి, పని అయ్యాక మళ్ళీ ఇస్తారు. లైన్‌మన్ పొద్దున్న ఎనిమిది నుంచి పది దాకా ఇస్తామన్నాడు.

ఆ రోజు ముందు వేప ఎక్కారు. పెద్దాయన నడుముకి మోకు కట్టుకుని పైన కూర్చున్నాడు. కింద ఆయన కొడుకు, ఇంకో కుర్రాడు తాడు పట్టుకున్నారు. పెద్ద కొమ్మని ఒక్క కోతలో తీయరని నేను అప్పుడే చూశాను. ముందు కొమ్మకి కింది వైపు చిన్న గాటు. తర్వాత దానికి జానెడు అవతల పైనుంచి కోత. కొమ్మ విరిగి తాడుకి వేలాడి నెమ్మదిగా దిగింది. ఆ కింది గాటు పెట్టకపోతే కొమ్మ పడేటప్పుడు మాను బెరడుని చీల్చుకుంటూ పోతుందట. చివరికి మిగిలిన మొండెం కోశాడు, అదీ మానుకి అంటించి కాదు. కొమ్మ మొదట్లో ముడతలు పడి ఉబ్బిన చోటు ఉంటుంది చూడండి, దాన్ని వదిలి దాని బయట కోశాడు. చెట్టు గాయం మానేది ఆ ఉబ్బు నుంచేనట. మునుపు మెషిన్ రంపం అతను కోసిన చోట మోడు చివరలు పుచ్చి గుల్లగా ఉండటం ఎందుకో నాకు అప్పుడు తెలిసింది.

చీపురు కట్టల్ని మొత్తం తీసేస్తాడనుకున్నాను. ఒక్కో మోడుకి గట్టిగా పట్టుకున్నవి మూడు నాలుగు ఉంచి మిగతావి తీశాడు. లోపలి చిన్న కొమ్మల్ని ముట్టుకోలేదు. లోపల ఖాళీ చేసి చివర మాత్రం ఆకు వదిలితే గాలికి కొమ్మ కొరడాలా ఊగి విరుగుతుందన్నాడు. దిగాక చూస్తే చెట్టు ఏమీ మారినట్టే లేదు, ఆకుల సందుల్లోంచి ఆకాశం కనపడుతోంది అంతే. ఇంతేనా అని లోపల అనుకున్నాను, పైకి అనలేదు.

పనస దగ్గర గొడవంతా అమ్మతో. ఇంటి కప్పు మీదికి వచ్చిన కొమ్మకే తేనెలాంటి కాయలు కాస్తాయని ఆవిడ బాధ. చివరికి కొమ్మ మొత్తం కాకుండా కప్పు మీద వాలిన రెమ్మ వరకే తీయడానికి రాజీ కుదిరింది. పనస పాలకి రంపం పట్టేయకుండా మధ్యమధ్యలో కిరసనాయిలు గుడ్డతో తుడిచారు. చేతులకి ముందే కొబ్బరినూనె రాసుకున్నారు. మామిడి ఎక్కిన కుర్రాడు ఎర్రచీమల గూడు కదిపి గావుకేకలు పెడుతూ దిగాడు. ఎండిన కొమ్మలు, ఒకదాన్నొకటి రాసుకునేవి తీసేసరికి పన్నెండు దాటింది.

కొబ్బరిచెట్లకి పచ్చమట్టలు కూడా కొన్ని తీసేయమన్నాను. బరువు తగ్గుతుంది కదా అని.

"మట్ట తీసేస్తే గెలని ఎవులు మోస్తారు బాబూ?"

నిజమే, ప్రతి గెలా ఒక మట్ట పంగలోంచే వస్తుంది, దాని మీదే ఆనుకుంటుంది. మట్ట పోతే గెల వేలాడి తెగుతుంది. అదీ కాక పచ్చి కోత వాసనకి ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది, లోపల తొలిచేశాక గానీ బయటికి తెలియదు. అందుకని ఎండిన మట్టలు, గొడ్డు గెలలు, గాలికి ఎగిరి వచ్చి తగిలే కాయలు మాత్రమే దింపాడు. మొవ్వులో కొమ్ముపురుగు దొరికితే ఇనపకొక్కెంతో లాగి పడేశాడు. లేత మట్టల పంగల్లో వేపపిండి, ఇసక కలిపి పోశాడు. పెరటి చివర తిత్లీ నాటి కొబ్బరి మొద్దు ఇంకా కుళ్ళుతూ ఉంది. ఆ పురుగులు పెరిగేది అందులోనేనని, ముందు దాన్ని కాల్చిపారేయమని కాస్త కోప్పడ్డాడు కూడా. నాకు ఆ మొద్దు మీద కూర్చుని పేపరు చదవడం అలవాటు.

కోసిన చోట్ల కుళ్ళు పట్టకుండా రాయడానికి బోర్డో పేస్టు నేనే కలిపాను. వంద గ్రాముల మైలుతుత్తం, వంద గ్రాముల సున్నం విడివిడిగా ప్లాస్టిక్ బకెట్లలో నానబెట్టి, రెండూ కలిపి లీటరు నీళ్ళకి సరిపెట్టాను. ఇనప గిన్నె వాడకూడదు. శుభ్రమైన కత్తి ముంచి తీస్తే దానికి రాగిరంగు అంటకూడదు, అంటితే సున్నం చాలలేదన్నమాట. మొదటిసారి అంటింది.

కూలి మొత్తం అయిదువేల రెండొందలు అయింది. పనస ఆకు పక్కింటి మేకలకి పోయింది. ఎండు మట్టల ఈనెలు అమ్మ చీపుర్లకి దాచింది. పుల్లలు ఏరి గోడవారన పడేయబోతే పెద్దాయన ఆపి, గాలివాన వస్తే ఇవే కిటికీల్లోకి ఎగురుతాయని చెప్పి అన్నీ కట్టలు కట్టించాడు.

వేప పని ఇంకా అవలేదు. ఒక్కో మోడు మీద ఉంచిన వాటిలో వచ్చే జూన్‌కి ఇంకొకటి, ఆ పై ఏడాది మరొకటి తీస్తానన్నాడు. ఆయన నంబరు అమ్మ క్యాలెండరు వెనక పెన్సిలుతో రాసుకుంది.