అనంతగిరి ఘాట్‌లో ఆగిపోయిన మా మారుతి 800

నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారు 1998 మోడల్ మారుతి 800, కార్బురేటర్ బండి. చలికాలం పొద్దున్నే చోక్ లాగితే తప్ప స్టార్ట్ అయ్యేది కాదు. ఎండాకాలంలో నడిరోడ్డు మీద ఆగిపోతే ఇంజిన్‌కి పెట్రోలు అందించే పంపు మీద తడిగుడ్డ వేసి, అది చల్లారేదాకా చెట్టు నీడన కూర్చునేవాళ్లం. కంపెనీని అనడానికేం లేదు, దాని వయసు అలాంటిది. ఈ రోగాలన్నీ ఇంటిల్లిపాదికీ అలవాటే. రేడియేటర్ ఫ్యాన్ పనిచేయడం లేదన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. హైవే మీద ముందునుంచి గాలి తగులుతుంటే ఫ్యాన్ తిరిగినా తిరగకపోయినా ఇంజిన్‌కి తేడా తెలియదు. మా ప్రయాణాలన్నీ విజయనగరం వైపే కాబట్టి ఆ లోపం బయటపడలేదు.

2012 డిసెంబరులో అరకు బయల్దేరాం. అప్పటికింకా అరకు విశాఖ జిల్లాలోనే ఉండేది. నాన్న, అమ్మ, మామ్మ, బాబాయి, నేను. మామ్మకి బొర్రా గుహల్లో శివుణ్ణి చూడాలని. బాబాయికి బొంగులో చికెన్ తప్ప వేరే ఆశ లేదు. శృంగవరపుకోట (ఎస్.కోట) దాటి కాశీపట్నం వరకూ బండి బాగానే నడిచింది. ఘాట్ మొదలయ్యాక అసలు సంగతి బయటపడింది. 796 సీసీ ఇంజిన్, 37 హార్స్‌పవర్, లోపల ఐదుగురు పెద్దవాళ్లు, డిక్కీ నిండా సామాను. సెకండ్ గేర్ కూడా లాగక ఫస్ట్‌లోనే ఎక్కాల్సి వచ్చింది. నెమ్మదిగా పోతుంటే గాలి తగలదు, ఇంజిన్ మాత్రం గట్టిగా తిరుగుతుంది. ఫ్యాన్ అవసరమయ్యేది అక్కడే.

ఇంజిన్ వేడి చూపించే ముల్లు ఎరుపులోకి పోవడం ముందు చూసింది అమ్మ. నాన్న మలుపు దాటగానే పక్కకి తీసి వెంటనే ఇంజిన్ ఆపేశారు. పై మలుపు దాకా పోనిమ్మని, అక్కడ టీ కొట్టు ఉంటుందని బాబాయి అన్నాడు. ఆయన మాట వినకపోవడం వల్లే ఇంజిన్ మిగిలిందని తర్వాత మెకానిక్ చెప్పాడు.

బానెట్ ఎత్తితే ఆవిరి. బాబాయి నీళ్ల సీసా పట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు. వెనకాలే వచ్చిన సర్వీసు జీపు డ్రైవరు కిందికి దూకి అరిచాడు: "ఏటండీ, ఆ మూత తియ్యకండి, మొహం కాలిపోద్ది!" లోపల నీరు ఒత్తిడి మీద ఉంటుంది. మూత తిప్పగానే ఒక్కసారిగా పైకి తన్నుతుంది. పై గొట్టాన్ని చేత్తో నొక్కితే మెత్తగా అనిపించేదాకా ఆగాలన్నాడు. ఆగాం. ఈలోగా మామ్మ డబ్బాలోంచి జంతికలు తీసి జీపులో ఉన్న జనానికి కూడా పంచిపెట్టింది.

గొట్టం చల్లారాక అతను మూత మీద మందపాటి గుడ్డ వేసి మెల్లగా తీశాడు. రేడియేటర్‌లో సగం కూడా నీళ్లు లేవు. తర్వాత ఫ్యాన్ పని పట్టాడు. ఇంజిన్ వేడెక్కినప్పుడు ఫ్యాన్‌ని ఆన్ చేసేది థర్మో స్విచ్ అనే చిన్న వస్తువు. దాని కనెక్టర్ ఊడదీసి, రెండు కొసలనీ వైరు ముక్కతో కలిపేశాడు. తాళం తిప్పగానే ఫ్యాన్ గిర్రున తిరిగింది. అంటే ఫ్యాన్ బాగానే ఉంది, పోయింది స్విచ్. మాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. నీళ్లు నింపి స్టార్ట్ చేస్తే ఇంజిన్ కుంటుతూ కొట్టుకుంది, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ, రేడియేటర్ నోట్లో బుడగలు. డ్రైవరు ఆ బుడగలు చూసి తల అడ్డంగా ఊపాడు. "హెడ్ గ్యాస్కెట్ పోయింది బాబూ. ఇంక నడపకండి." ఇంజిన్ పైభాగమైన హెడ్డుకీ కింది బ్లాకుకీ మధ్య సందు లేకుండా మూసి ఉంచే పలుచటి పొర అది.

తాడు కట్టి కిందికి లాక్కుపోదామంటే నాన్న ఒప్పుకోలేదు. నాకూ అదే సరైనదనిపిస్తుంది.  దిగుడులో తాడు వదులై వెనక బండి ముందు బండిని గుద్దడం ఎంతసేపు? అదృష్టం కొద్దీ అరకులో సరుకు దించి ఖాళీగా వస్తున్న డీసీఎం వ్యాన్ దొరికింది, పైగా విశాఖకే పోతోంది. బేరం కుదిరింది గానీ కారుని పైకి ఎక్కించడమెలా? దగ్గర్లో ఒక మట్టి దారి కొంచెం ఎత్తెక్కి, ఒకచోట వ్యాన్ బాడీకి సమంగా వచ్చింది. జీపు కారుని అక్కడిదాకా లాగింది, వ్యాన్ వెనక్కి వచ్చి గట్టుకి ఆనుకుంది, వెనక తలుపు (డాలా) దించి సందు మీద రెండు చెక్కలు పరిచారు. నాన్న స్టీరింగ్ దగ్గర, మిగతా అందరం వెనక నుంచి తోశాం. చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, నాలుగు వైపులా తాళ్లు బిగించారు.

అప్పుడు మామ్మ తన నిర్ణయం ప్రకటించింది. "గదికి డబ్బులు కట్టేశాం కదరా, కారుతో మీరిద్దరూ పోండి." అమ్మ, మామ్మ, బాబాయి అదే జీపులో అరకు వెళ్లిపోయారు. నాన్నా నేనూ వ్యాన్ క్యాబిన్‌లో డ్రైవరు పక్కన ఇరుక్కుని కొండ దిగాం. ప్రతి మలుపులో నాన్న వెనక్కి తిరిగి కారు ఉందా లేదా చూసుకునేవారు. చీకటి పడ్డాక కంచరపాలెంలో ఒక కలప అడితి వాళ్లని బతిమాలి, వాళ్ల సరుకు దించే అరుగు మీదుగా కారు దించుకుని షెడ్డుకి తోసుకెళ్లాం.

మర్నాడు మెకానిక్ హెడ్డు దించాడు. రెండు సిలిండర్ల మధ్య గ్యాస్కెట్ కాలిపోయి ఉంది. ఉక్కు బద్ద పెట్టి చూస్తే హెడ్డు కాస్త వంగిందని తేలింది. లేత్‌కి పంపి ఫేసింగ్ చేయించాడు, అంటే దాని అడుగు చదును చేయించాడు. అదే ఊపులో వాల్వులు గ్రైండింగ్, రేడియేటర్ శుభ్రం, కొత్త థర్మో స్విచ్. ఏళ్ల తరబడి పోసిన కుళాయి నీళ్లకి రేడియేటర్ గొట్టాల్లో బురద పేరుకుపోయి ఉంది. ఈసారి కూలెంట్ పోశారు. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని థర్మోస్టాట్ తీసేస్తే ఇంజిన్ ఎప్పుడూ చల్లగా ఉంటుందని షెడ్డులో కుర్రాడు సలహా ఇచ్చాడు. చాలామంది నమ్మే మాటే గానీ, ఇంజిన్ సరైన వేడికి రాకపోతే పెట్రోలు తాగుతుంది, అరుగుదలా పెరుగుతుంది. దాన్ని ఉండనిచ్చాం. హెడ్డు బోల్టులు మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి, టార్క్ రెంచ్‌తో కొంచెం కొంచెంగా బిగించడం నేను దగ్గరుండి చూశాను. బిల్లు తుక్కువాడు కారుకిస్తానన్న దాంట్లో సగం కూడా కాలేదు.

ఇంత ఎందుకు చేయించారంటే, ఆర్సీకి పదిహేనేళ్లు నిండబోతున్నాయి. దాన్ని పొడిగించడానికి ఫారం 25, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దిన ఛాసిస్ ప్రింట్. ఘాట్‌తో పోలిస్తే ఆ పని సులువుగానే అయింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ లైట్లు, హారన్, నంబర్లు చూసి, డాష్‌బోర్డు కింద నాన్న అదనంగా పెట్టించిన ఫ్యాన్ స్విచ్ ఏమిటని అడిగారు. నాన్న కాశీపట్నం నుంచి మొదలుపెట్టారు. ఎస్.కోట నుంచి మొదలుపెట్టలేదు, అదే నయం. వెనక లైనులో ఇంకా చాలా బండ్లున్నాయి. ఆయన కథ సగంలోనే సంతకం పెట్టేశారు, ఆర్సీని మరో ఐదేళ్లకి పొడిగించారు.