92 వేసి వచ్చాను

ఐదు రోజుల శిక్షణ ముగించుకొని నిన్న రాత్రే ఇల్లు చేరాను. మా కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవాళ్ళం ముగ్గురం. 'ఆర్థిక విశ్లేషణలో జెండర్' అని ఉత్తర్వు రాగానే ప్రిన్సిపాల్, "ఆడవాళ్ళ శిక్షణ కదా, మీరే వెళ్ళండి" అన్నారు. మిగతా ఇద్దరూ ముసిముసిగా నవ్వారు. నాకూ తేలికగానే అనిపించింది. మహిళా శ్రామికుల మీదే పిహెచ్‌డి చేసినదాన్ని, నాకు కొత్తగా చెప్పేదేముంటుంది?

దరఖాస్తు, రిలీవింగ్ ఆర్డరు, హాస్టలు గది ఒక్క పూటలో తేలిపోయాయి. మొదటి రెండు రోజుల ఉపన్యాసాలు కునికిపాట్లతో గడిచాయి. 2019 కాల వినియోగ సర్వేలో ఇంటి పని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చించారన్న లెక్క నేనే క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో.

మూడో రోజు పల్లెకు తీసుకువెళ్ళి ఉపాధి, నిరుద్యోగం లెక్కలు తీసే ప్రభుత్వ సర్వే పీఎల్‌ఎఫ్‌ఎస్ నమూనా పత్రాలు చేతికిచ్చారు. తలా రెండు ఇళ్ళు. నా రెండో ఇంట్లో యజమాని అరుగు మీద కూర్చుని చకచకా జవాబులు చెప్పాడు. భార్య ఏం చేస్తుందని అడిగితే, "ఏముంది మేడం, ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. ఆవిడ పని గడిలో 92 అనే కోడ్ వేశాను. అంటే ఇంటి పనులు మాత్రమే చేసుకొనే మనిషి, శ్రామికుల లెక్కలోకి రాదు. మూడడుగుల దూరంలో ఆవిడ కొంగు నడుముకు దోపుకొని బూడిదతో పాల క్యాను తోముతోంది. నాకు ఎండ తగులుతోందని మధ్యలో లేచి వచ్చి కుర్చీ కూడా జరిపింది. ఆమెను నేను ఒక్క ప్రశ్న అడగలేదు.

మధ్యాహ్నం ముప్పై మంది ఎదుట ఆ పత్రాన్ని తెర మీద వేశారు. శిక్షకురాలు నాకంటే పదేళ్ళు చిన్నది.

"గేదెలు ఎన్ని మేడం?"

"రెండు."

"పాలు పితికేది ఎవరు?"

తెలియదు.

"92 అని ఎవరు చెప్పారు?"

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను తడుముకొని, "అయితే 21 వేద్దాం, భర్త పాల వ్యాపారంలో జీతం లేని సహాయకురాలు" అన్నాను. పాల కేంద్రం పుస్తకం మీద ఆయన పేరు నా కళ్ళతో చూశానాయె. ఆ అమ్మాయి వాదించలేదు, సాయంత్రం అదే ఇంటికి తిరిగి పంపింది. తల కొట్టేసినట్టయింది.

ఈసారి ఆవిడతోనే మాట్లాడాను. మేత, కుడితి, పితకడం, రెండు పూటలా కేంద్రానికి మోయడం, దాణా బేరం, ఏ దూడను ఎప్పుడు అమ్మాలో తేల్చడం అన్నీ ఆవిడే. భర్తది తాపీ పని. ఆ రోజు పని దొరక్క ఇంట్లో ఉన్నాడు. "అప్పట్లో బ్యాంకు ఖాతా ఆయనకే ఉండేదమ్మా, అందుకని పుస్తకం ఆయన పేరు మీద రాశారు" అంది. 21 కాదు, 11. సొంతంగా వ్యాపారం నడుపుకొనే మనిషి.

నాలుగో రోజు బడ్జెట్ అభ్యాసంలో మాత్రం నా పరువు కొంత నిలబడింది. మహిళలకు ఎంత కేటాయించిందో చూపుతూ కేంద్రం 2005-06 నుంచి ఇస్తున్న జెండర్ బడ్జెట్ పత్రంలో మొదటి భాగం నూటికి నూరు శాతం మహిళల పథకాలది. గ్రామీణ గృహనిర్మాణాన్ని అందులో చూపిన ఏళ్ళున్నాయి. భార్యాభర్తల ఉమ్మడి పేరున ఇచ్చే ఇల్లు నూరు శాతం మహిళలది ఎలా అవుతుందని అడిగింది ఆ గదిలో నేనొక్కదాన్నే.

వెళ్ళేవాళ్ళు సర్వే సిబ్బందికిచ్చే సూచనల పుస్తకం ముందే చదువుకొని వెళ్ళండి. అరుగు మీద మగమనిషి చెప్పిందే రాసుకొని లేవకండి. బస్సు టికెట్లు పారేయకండి, మా ఆఫీసులో బిల్లులు చూసే గుమాస్తాకు చిరిగిన టికెట్టు చూస్తే పండగే.

రాత్రి నిద్ర పట్టక నా పిహెచ్‌డి గ్రంథం తీశాను. ఇంటి ఆదాయం పెరిగి ఆడవాళ్ళు పని మానుకున్నారని 2011-12 జాతీయ నమూనా సర్వే (ఎన్‌ఎస్‌ఎస్) లెక్కలతో తేల్చిన అధ్యాయం అది. అందులోని 92లు ఎవరు ఎవరి తరఫున చెప్పినవో ఐదేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదు. నా దగ్గర అదే దారిలో పరిశోధన చేస్తున్న ఇద్దరికీ, సోమవారం మాట్లాడేదాకా ఏమీ సమర్పించవద్దని పొద్దున్నే ఫోను చేశాను. ఒకమ్మాయి అప్పుడే అలిగింది.