పొట్టివాళ్ళ మీద పాట, పెద్ద గొడవ

అమెరికన్ గాయకుడు, పాటల రచయిత రాండీ న్యూమన్ పేరు చెబితే చాలామందికి 'టాయ్ స్టోరీ' సినిమాలోని స్నేహగీతమే గుర్తుకు వస్తుంది. పిల్లల సినిమాల్లో అంత ఆప్యాయంగా వినిపించిన ఆ గొంతే 1970లలో అమెరికన్ పాప్ సంగీతంలోని అత్యంత కఠినమైన వ్యంగ్యాన్ని పాడింది. చెడ్డవాణ్ణి దూరంగా నిలబడి తిట్టడం న్యూమన్ పద్ధతి కాదు. ఆ చెడ్డవాడి నోటితోనే, 'నేను' అంటూ, వాడికి తగని కమ్మని రాగంలో పాడతాడు. 1972లో వచ్చిన 'సెయిల్ అవే' ఆల్బమ్ తొలి పాటలో ఒక బానిసల వ్యాపారి ఆఫ్రికన్లకు అమెరికా ఎంత సుఖమైన దేశమో వర్ణిస్తూ ఓడ ఎక్కమని పిలుస్తాడు. ఆ రాగం వింటూ ఉంటే మనకే ఓడ ఎక్కాలనిపించడంలో ఉంది అసలు దారుణం.

ఇలాంటి పాటలు రాసిన వ్యక్తి మీద దేశమంతటా దుమారం రేగింది మాత్రం ఆయన పాటల్లోకెల్లా తేలికైన ఒక హాస్యగీతం వల్ల. 1977 సెప్టెంబరులో విడుదలైన 'లిటిల్ క్రిమినల్స్' ఆల్బమ్‌లో 'షార్ట్ పీపుల్' మొదటి పాట. పొట్టివాళ్ళు బతకడానికే తగరని వాదించే ఒక మతిచెడ్డ మనిషి ఇందులో కథకుడు. వాళ్ళ చేతులు చిన్నవనీ, కళ్ళు చిన్నవనీ, పళ్ళు కూడా చిన్నవనీ అతని అభియోగం. ఏ ద్వేషమైనా ఇంతే అర్థరహితమని చెప్పడానికి ఎవరూ తీవ్రంగా పట్టించుకోరనుకున్న కారణాన్ని ఎంచుకుంటే, దాన్నే అందరూ పట్టించుకున్నారు. పాట 1978 తొలి నెలల్లో అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ 'హాట్ 100' పట్టికలో రెండో స్థానానికి, ఆల్బమ్ తన పట్టికలో తొమ్మిదో స్థానానికి చేరాయి. కొన్ని రేడియో స్టేషన్లు పాటను నిలిపివేశాయి. మేరీలాండ్ రాష్ట్ర శాసనసభ్యుడు ఐజయా డిక్సన్ దాన్ని రేడియోలో ప్రసారం చేయడాన్ని నేరంగా ప్రకటించే చట్టం తేవాలని ప్రయత్నించగా, అది వాక్ స్వాతంత్ర్యానికి హామీ ఇచ్చే రాజ్యాంగం మొదటి సవరణకు విరుద్ధమవుతుందని ప్రభుత్వ న్యాయాధికారి సలహా ఇవ్వడంతో ఆ ప్రయత్నం అక్కడితో ఆగింది. ఇదే ఆల్బమ్‌లో మేరీలాండ్‌లోని అతిపెద్ద నగరమైన బాల్టిమోర్ దైన్యం మీద ఒక పాట ఉంది. అందులో హాస్యం లేదు, వ్యంగ్యమూ లేదు. మరుసటి ఏడాది గాయని నీనా సిమోన్ పాడిన తరువాత అది ఇంకా ప్రసిద్ధమైంది. శాసనసభ దృష్టికి తీసుకువెళ్ళవలసిన పాట ఏదైనా ఉంటే అది ఇదేనని నా అభిప్రాయం.

'షార్ట్ పీపుల్' నొప్పించిన వాళ్ళందరూ తెలివితక్కువ వాళ్ళని కొట్టిపారేయడం నాకు న్యాయంగా తోచదు. బడిలో ఆ పల్లవితో ఏడిపించబడే పిల్లవాడికి కథకుడు వేరు, కవి వేరు అని వివరించి ప్రయోజనం లేదు. ఊళ్ళోకి వచ్చిన పగటివేషగాడి ముఖాన రంగు కనబడుతుంది కనుక వాడు ఎన్ని మాటలన్నా వేషానికే చెల్లుతాయి. రేడియోలో మూడు నిమిషాలు వచ్చిపోయే గొంతుకు ఆ రంగు ఉండదు. పైగా పాట మధ్యలో, పొట్టివాళ్ళూ అందరిలాంటి మనుషులే, మనుషులంతా అన్నదమ్ములే అని చెప్పే భాగం ఒకటి ఉంది. తన కథకుణ్ణి న్యూమన్ ఇంత బాహాటంగా ఖండించిన సందర్భాలు అరుదు. వినడానికి మాత్రం అది అతికించిన ముక్కలాగే ఉంటుంది. కాపాడవలసిన సమయంలో అది కవిని కాపాడనూ లేదు.

దీనికి మూడేళ్ళ ముందు, 1974లో వచ్చిన 'గుడ్ ఓల్డ్ బాయ్స్' నా దృష్టిలో ఆయన వ్యంగ్యానికి శిఖరం. అమెరికా దక్షిణాదిలోని అలబామా రాష్ట్రపు బర్మింగ్‌హామ్‌లో ఉక్కు కార్మికుడైన జానీ కట్లర్ అనే కల్పిత పాత్ర జీవితంగా దాన్ని మొదట ఊహించారు. తొలి పాట 'రెడ్‌నెక్స్' (దక్షిణాది మొరటు శ్వేతజాతీయులను వెక్కిరించే పేరు) 1970 డిసెంబరులో జరిగిన ఒక నిజ సంఘటనతో మొదలవుతుంది. తన హోటల్లో నల్లవారికి భోజనం పెట్టనని మొండికేసి పేరుపొంది, ఆపై జార్జియా గవర్నరైన లెస్టర్ మాడక్స్, డిక్ కావెట్ నిర్వహించే టెలివిజన్ ముచ్చట్ల కార్యక్రమం నుంచి మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. అది చూసి మండిపడ్డ దక్షిణాది శ్వేతజాతీయుడు ఇందులో పాడతాడు. కావెట్‌ను అతడు యూదుడంటాడు. కావెట్ యూదుడు కాడు. ఈ పాట రాసి పాడుతున్న న్యూమన్ యూదుడు. నల్లవారిని కించపరిచే ఆ నీచపదాన్ని పల్లవిలో గర్వంగా వాడుతూ, తన జాతిని తానే మూర్ఖులుగా వర్ణించుకుంటున్న అతణ్ణి చూసి ఉత్తరాది విద్యావంతుడు హాయిగా నవ్వుకుంటూ ఉండగా, చివరి చరణంలో కథ తిరగబడుతుంది. న్యూయార్క్‌లో హార్లెం, షికాగో, క్లీవ్‌లాండ్, శాన్‌ఫ్రాన్సిస్కో, బోస్టన్ అంటూ ఉత్తరాదిలోనూ పడమటిలోనూ నల్లవారిని కుక్కి ఉంచిన పేటలను పేరుపేరునా లెక్కపెడుతూ, మీరు వాళ్ళకిచ్చిన స్వేచ్ఛ ఇదేనా అని అడుగుతాడు. అడుగుతున్నవాడు జాత్యహంకారే, అడిగినది మాత్రం నిజం. అదే ఆల్బమ్‌లో 'మరీ' అనే పాటలో ఒక తాగుబోతు భర్త, తాగితే తప్ప భార్యతో చెప్పలేని ప్రేమను చెప్పుకుంటాడు. అది వింటూ కూడా అతణ్ణి అసహ్యించుకోవడం నాకు సాధ్యం కాలేదు. విమర్శకులు మెచ్చిన ఈ ఆల్బమ్ పట్టికలో 36వ స్థానం దాటలేదు, ఏ శాసనసభకూ ఎక్కలేదు. ఆ నీచపదమున్న పాటను రేడియోవాళ్ళు రోజుకు పదిసార్లు వేయరు కదా. ఆల్బమ్‌ను కొనుక్కొని వరుసగా విన్నవాళ్ళకే అది చేరింది, వాళ్ళకు కథకుడెవరో తెలుసు.

1979లో వచ్చిన 'బోర్న్ అగైన్' అట్ట మీద న్యూమన్ 'కిస్' అనే రాక్ సంగీత బృందం తరహాలో ముఖానికి రంగు వేసుకొని, కళ్ళ మీద డాలరు గుర్తులు దిద్దుకొని కనిపిస్తాడు. ఇంత స్పష్టంగా వేషం కట్టినా ఆల్బమ్ పెద్దగా అమ్ముడుపోలేదు, విమర్శకులు కూడా ముఖం చిట్లించారు. ఈ విషయంలో నేను విమర్శకుల పక్షమే. డబ్బే లోకమనే ఆ కథకులు వట్టి వెటకారపు బొమ్మలు. జానీ కట్లర్‌కున్న బాధ వాళ్ళకు లేదు.

న్యూమన్‌ను కొత్తగా వినేవాళ్ళు హిట్ పాటల సంకలనంతో మొదలుపెట్టకుండా 'గుడ్ ఓల్డ్ బాయ్స్'ను మొదటి నుంచి చివరి వరకు అదే వరుసలో వినడం మేలు. 2002లో పునర్విడుదలైన ప్రతిలో జానీ కట్లర్ తొలి ఊహకు సంబంధించిన రికార్డింగు కూడా ఉంది. దాన్ని ఆల్బమ్ తరువాత వినండి.