టెస్టులో నెగ్గిన బోల్టు మర్నాడెందుకు విరుగుతుంది

12.9 గ్రేడు, అంటే చాలా గట్టి రకం బోల్టుకు జింక్ ప్లేటింగ్ చేయించి, లాగి బలం చూసే టెన్సైల్ మెషిన్‌లో పెడితే, 1220 మెగాపాస్కల్స్ (ఒత్తిడి కొలత) దాటేదాకా చాలాసార్లు నిక్షేపంగా నిలుస్తుంది. అదే లాటులోని ఇంకో బోల్టును టార్కు పెట్టి బిగించి వదిలేయండి. ఆ రాత్రో మర్నాడో తల తెగి కింద పడి ఉండొచ్చు. హైదరాబాద్‌లో బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో చర్లపల్లిలోనో గట్టి స్టీలు భాగాలను ప్లేటింగ్‌కి ఇచ్చేవాళ్లందరూ ఈ తేడా ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకోవాలి.

దోషి హైడ్రోజన్. యాసిడ్ తొట్టిలో, ప్లేటింగ్ తొట్టిలో స్టీలు ఉపరితలం మీద హైడ్రోజన్ అణువులుగా కాకుండా విడి పరమాణువులుగా పుడుతుంది. చాలావరకు జంటలు కట్టి బుడగలై పోతుంది, కొంత మాత్రం లోపలికి దిగుతుంది. దిగిన పరమాణువు ఊరికే ఉండదు. ఇనుము పరమాణువుల మధ్య ఎడం ఎక్కడ సాగి ఉందో అక్కడికి, అంటే మర అడుగుకి, తల కింది వంపుకి మెల్లగా చేరుతుంది. మెషిన్ నిమిషాల్లో తెంపేస్తుంది కాబట్టి అంతలో అది పోగుపడలేదు. బిగించిన బోల్టులో లాగుడు గంటల తరబడి ఉంటుంది. ఆ వ్యవధి దానికి చాలు. బరువులో పది లక్షల వంతుల్లో ఒక వంతు, అంటే టన్ను స్టీలుకి ఒక గ్రాము, చాలా గట్టి స్టీలును పాడుచేయగలదు.

పోగుపడ్డాక ఏం చేస్తుందన్న దానిమీద రెండు ప్రధాన వాదాలున్నాయి. గ్రెయిన్ల (లోహంలోని చిన్న స్ఫటికాల) సరిహద్దుల్లో బంధాలను బలహీనపరుస్తుందని ఒకటి, డిస్లొకేషన్ల (స్ఫటికంలో పరమాణు వరుస తప్పిన చోట్ల) కదలికను ఒకేచోట సులువు చేసి అక్కడే చిరిగేలా చేస్తుందని రెండోది. రెండూ కలిసే పనిచేస్తాయనడానికే నాకు ఆధారాలు బలంగా కనిపిస్తాయి. విషయం కొత్తది కూడా కాదు. ఆమ్లంలో కొద్ది నిమిషాలు ముంచిన ఇనుము పెళుసవుతుందని, విరిచిన చోట తడిపితే నురగ వస్తుందని, కొన్నాళ్లు ఊరుకుంటే ఆ పెళుసు పోతుందని డబ్ల్యూ. హెచ్. జాన్సన్ 1875లోనే రాశాడు.

మెత్తటి స్టీలుకి ఈ బెడద ఎందుకు తక్కువ? గాటు దగ్గర అది కొంచెం సాగి ఒత్తిడిని పంచేసుకుంటుంది. గట్టి స్టీలు సాగదు, ఒత్తిడంతా ఆ ఒక్క బిందువు దగ్గరే నిలుస్తుంది. బోల్టుల వంటి ఫాస్టెనర్లలో వాడుకలో ఉన్న గీత 39 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ సి కాఠిన్యం కొలత), అది దాటితే బెడద ఉన్నట్టే లెక్క. 10.9 గ్రేడు 32 నుంచి 39 మధ్య, 12.9 గ్రేడు 39 నుంచి 44 మధ్య ఉంటాయి. హీట్ ట్రీట్‌మెంట్‌లో తేడా వచ్చి 10.9 అన్న లాటు 41 చూపిస్తే, దాన్ని 12.9 లాగే చూడాలి. ప్లేటింగ్‌కి పంపేముందు పది ముక్కల కాఠిన్యం కొలిపించండి. ఇంత చవకైన జాగ్రత్త ఇంకొకటి లేదు.

ప్లేటింగ్‌లో అడగాల్సినవి ఇవీ. తుప్పు తీయడానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్ బదులు షాట్ బ్లాస్టింగ్ కుదురుతుందా? యాసిడే తప్పకపోతే స్టీలు మీద దాని దాడిని తగ్గించే ఇన్‌హిబిటర్ కలిపి, నిమిషాల్లో తేల్చాలి. "తుప్పు పోలేదు, ఇంకాసేపు ఉంచుదాం" అన్న మాటే కొంప ముంచుతుంది. కరెంటుతో జిడ్డు తీసేటప్పుడు భాగం ఆనోడ్ (ధన) వైపు ఉండాలి. కాథోడ్ (రుణ) వైపు పెడితే అక్కడే హైడ్రోజన్ ఎక్కుతుంది. ఆల్కలైన్ జింక్ బాత్‌లో కరెంటులో చెప్పుకోదగ్గ భాగం జింకుకి కాక హైడ్రోజన్‌కే పోతుంది.

ఆ తర్వాత బేకింగ్, అంటే హైడ్రోజన్‌ని వదిలించడానికి ఓవెన్‌లో వేడిచేయడం. అసలు పొరపాట్లన్నీ ఇక్కడే. 190 నుంచి 220 డిగ్రీల సెల్సియస్‌లో, ప్లేటింగ్ అయిన 4 గంటల్లోపు మొదలవ్వాలి. స్టీలు బలాన్నిబట్టి 8 నుంచి 24 గంటలు ఉంచాలి. ఆ గంటలను ఓవెన్ స్విచ్ వేసినప్పటినుంచి కాదు, బుట్ట మధ్యలోని భాగం ఉష్ణోగ్రత అందుకున్నప్పటినుంచి లెక్కపెట్టాలి. బోల్టులు కుప్పగా పోస్తే మధ్యలోవి చాలా ఆలస్యంగా వేడెక్కుతాయి, అందుకే అక్కడో థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) పెట్టాలి. పాసివేషన్, అంటే జింకు మీద క్రోమేట్ పొర వేయడం, బేకింగ్ తర్వాతే. ముందే చేస్తే ఆ వేడికి క్రోమేట్ పొర చెడిపోతుంది. బేకింగ్ ఉష్ణోగ్రత ఎప్పుడూ టెంపరింగ్ (గట్టిపరిచిన స్టీలును మళ్లీ వేడిచేసి పెళుసు తగ్గించడం) ఉష్ణోగ్రతకి తక్కువగానే ఉండాలి, లేకపోతే కాఠిన్యమే పడిపోతుంది. జింక్ పొర హైడ్రోజన్‌ని సులభంగా బయటికి పోనివ్వదని కూడా గుర్తుంచుకోండి. బేకింగ్‌లో కొంత బయటికి పోతే, కొంత లోపలే కార్బైడ్ల వంటి బలమైన ఉచ్చుల్లో చిక్కుకుని కదలకుండా అవుతుంది. ఈ రెండోది కూడా మేలే. స్టీలులో సన్నటి వెనేడియం, టైటానియం కార్బైడ్లు వేయడంలో ఒక ఉద్దేశం ఇదే. కానీ అప్పటికే పగులు మొదలైపోతే బేకింగ్ దాన్ని మూయలేదు.

విరిగింది చేతికొచ్చాక చూడండి. మెడ సన్నబడకుండా, పంచదార పలుకుల్లా మెరిసే గరుకు ముఖం కనిపిస్తే అనుమానించాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో గ్రెయిన్లు విడివిడిగా ఊడినట్టుంటే అనుమానం బలపడుతుంది. బిగించిన రోజుల్లోనే విరిగితే సాధారణంగా తయారీలో ఎక్కిన హైడ్రోజన్. తడిలో నెలలు గడిచాక విరిగితే తుప్పు నుంచి పుట్టినది కావొచ్చు, ఎందుకంటే జింకు కరుగుతూ స్టీలును కాపాడేటప్పుడు కూడా స్టీలు మీద హైడ్రోజన్ పుడుతుంది. ఈ తేడా ఎప్పుడూ అంత స్పష్టంగా ఉండదు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో–ఓక్లండ్ బే బ్రిడ్జి కొత్త తూర్పు భాగంలో 2013 మార్చిలో బిగించిన 96 గాల్వనైజ్డ్ రాడ్లలో 32 కొద్దిరోజుల్లోనే తెగాయి. అంతకుముందు వాటి గుంతల్లో ఏళ్లతరబడి నీళ్లు నిలిచాయి.

ఈ బెడద బోల్టులకే కాదు. కార్ల బాడీల్లో వాడే 1500 మెగాపాస్కల్స్ ప్రెస్ హార్డెన్డ్ స్టీలులో (వేడిగా అచ్చులో నొక్కి గట్టిపరిచినది) హైడ్రోజన్‌కి ఫర్నేస్‌లోని తేమే మూలం, అందుకే డ్యూ పాయింట్ (గాలిలో తేమ ఎంతో చెప్పే కొలత) అదుపులో ఉంచుతారు. వంచినప్పుడు లోపలి నిర్మాణం మారి గట్టిపడే ట్రిప్ స్టీళ్లలో చిక్కు మరోరకం. వాటిలో మిగిలి ఉన్న ఆస్టెనైట్ అనే మెత్తటి రూపం హైడ్రోజన్‌ని ఎక్కువగా దాచుకుంటుంది. వంచినప్పుడు అది మార్టెన్‌సైట్ అనే గట్టి, పెళుసు రూపంగా మారితే ఆ నిల్వంతా పెళుసు భాగం చేతిలో పడుతుంది. లోతుగా లాగిన కప్పు అంచున గంటల తర్వాత పగులు కనిపించడం ఇందుకే. మన కంచన్‌బాగ్‌లోని ప్రభుత్వ లోహాల సంస్థ మిధానిలో తయారయ్యే, రాకెట్ మోటారు కేసులకి వాడే మారేజింగ్ స్టీలు (అతి బలమైన మిశ్రమ స్టీలు) కూడా దీనికి మినహాయింపు కాదు. 1700 మెగాపాస్కల్స్ పైన ఉండే ఏ స్టీలుకైనా యాసిడ్ దరిచేరనివ్వకపోవడమే మంచిది.

12.9 బోల్టులకి తుప్పు రక్షణ తప్పనిసరైతే నేను చెప్పేది జింక్ ఫ్లేక్ పూత, అంటే సన్నటి జింకు రేకులు కలిపిన పూత. అందులో కరెంటు ఉండదు, శుభ్రపరచడం కూడా బ్లాస్టింగ్‌తోనే అయిపోతే యాసిడ్ అవసరమే రాదు. ఎలక్ట్రోప్లేటింగే కావాలని కొనుగోలుదారు పట్టుబడితే, హైడ్రోజన్ పెళుసును పట్టే పరీక్ష ప్రమాణం ఐఎస్ఓ 15330 పద్ధతిలో లాటు నుంచి కొన్నింటిని బిగించి కనీసం 48 గంటలు ఉంచి, 24 గంటలకోసారి మళ్లీ బిగించి, ఒక్కటి విరిగినా లాటు మొత్తాన్ని ఆపేయండి.