1601లో లాగిన్ అయిన సర్వర్: పాత కంప్యూటర్ అకౌంట్ల ఏరివేతలో నా అనుభవం

పాత కంప్యూటర్ అకౌంట్లు ఏరేసే పని ఈ వారమే ముగిసింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

యాక్టివ్ డైరెక్టరీ, అంటే ఆఫీసు నెట్‌వర్క్‌లోని మనుషులకీ కంప్యూటర్లకీ అకౌంట్లు పెట్టి ఉంచే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ, చూసుకునేవాళ్ళకి ఇది తెలిసిన బాధే. కంప్యూటర్ స్క్రాప్‌కి వెళ్ళిపోతుంది, దాని అకౌంట్ మాత్రం డైరెక్టరీలో ఉండిపోతుంది. డిస్క్ సరిగ్గా తుడవకపోతే ఆ మెషీన్ పాస్‌వర్డ్ అందులోనే ఉంటుంది. అకౌంట్ బతికున్నంత కాలం అది పనిచేస్తుంది కూడా. కాబట్టి తీసెయ్యాల్సిందే. ఆ విషయంలో, తీసెయ్యమంటున్న ఆడిటర్లతో నాకు పేచీ లేదు.

లిస్టు తీయడం తేలిక. పవర్‌షెల్‌లో (విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే చోటు) సెర్చ్-ఏడీఅకౌంట్ కమాండ్‌కి కంప్యూటర్లు మాత్రమే, 90 రోజులుగా లాగిన్ కానివి అని చెబితే చాలు.

నా లిస్టు నేను తీసుకుని మీటింగ్‌కి వెళ్ళాను. ఆడిటర్ తన లిస్టుతో వచ్చాడు. నా దానికంటే చాలా పెద్దది. ప్రొజెక్టర్ మీద పెట్టి, "ఇన్ని చచ్చిన అకౌంట్లు పెట్టుకుని మీ టీం ఏం చేస్తోంది?" అని మా మేనేజర్ ముందే అడిగాడు. గది నిండా జనం. అకౌంట్స్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు రోజూ వాడే సర్వర్ కూడా అందులో ఉంది. దాని పక్కన ఆఖరి లాగిన్ తేదీ 1 జనవరి 1601. ఆ తేదీ కళ్ళ ముందు అంత స్పష్టంగా కనిపిస్తున్నా ఒక్కరికీ అనుమానం రాలేదు. "సిస్టమ్ చూపిస్తోంది కదా" అన్నారు. జవాబు చెప్పబోతే, "సాకులు వద్దు, ఎప్పటికి తీసేస్తారో తేదీ చెప్పండి" అని మాట తుంచేశారు. ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను ఎవరూ అలా నిలబెట్టలేదు.

అసలు సంగతి ఇది. లాగిన్‌లని సరిచూసే సర్వర్లని డొమైన్ కంట్రోలర్లు అంటారు, అవి ఒకటికి మించి ఉంటాయి. ఆఖరి లాగిన్ సమయం చెప్పే లాస్ట్‌లాగాన్ అనే విలువ ఏ కంట్రోలర్ దగ్గర లాగిన్ జరిగితే అక్కడే ఉంటుంది, మిగతా కంట్రోలర్లకి కాపీ అవ్వదు. ఆడిటర్ ఒక్క కంట్రోలర్‌ని అడిగి లిస్టు తీశాడు. వేరే కంట్రోలర్‌తో మాట్లాడే మెషీన్లన్నీ అక్కడ ఖాళీగా కనిపించాయి. విండోస్ ఈ సమయాలని 1601 జనవరి 1 నుంచి లెక్కపెడుతుంది కాబట్టి, ఖాళీ విలువని తేదీగా మారిస్తే ఆ సంవత్సరమే వస్తుంది. అన్ని కంట్రోలర్లకీ చేరేది లాస్ట్‌లాగాన్‌టైమ్‌స్టాంప్ అనే ఇంకో విలువ. అది కూడా ప్రతి లాగిన్‌కీ మారదు. డిఫాల్ట్ సెట్టింగ్‌లో 9 నుంచి 14 రోజుల వరకు వెనకబడి ఉండొచ్చు. అందుకే 30 రోజుల గడువు పెట్టి వేట మొదలుపెట్టకండి, 90 పెట్టుకోండి.

ఆ మీటింగ్‌లోనే ల్యాప్‌టాప్ తెరిచి, అదే సర్వర్ గురించి ఒక్కో కంట్రోలర్‌నీ విడివిడిగా అడిగి చూపించాను. మొదటిది ఖాళీ. రెండోది ఆ రోజు పొద్దున్న సమయం చూపించింది. గది నిశ్శబ్దమైపోయింది. ఆడిటర్ లిస్టు వెనక్కి తీసుకున్నాడు గానీ సారీ చెప్పలేదు. నా మాట విని ఉంటే అయిదు నిమిషాల పని. షీట్ చదవడం వచ్చినంత మాత్రాన తప్పు పట్టే హక్కు వచ్చేయదు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడిగాకే నోరు తెరవాలి.

నా లిస్టునీ నేను గుడ్డిగా నమ్మలేదు. మెషీన్ పాస్‌వర్డ్ మామూలుగా 30 రోజులకోసారి మారుతుంది కాబట్టి ఆ తేదీ కూడా సరిచూశాను. ఆఖరి లాగిన్, పాస్‌వర్డ్ మారిన తేదీ రెండూ పాతబడితేనే అనుమానితుల్లో వేశాను. అప్పుడు కూడా కొన్ని ముట్టుకోకూడనివి ఉంటాయి. ఫెయిలోవర్ క్లస్టర్ (ఒకటి ఆగితే ఇంకోటి పని అందుకునే సర్వర్ల గుంపు) పేర్లు చూడ్డానికి కంప్యూటర్ అకౌంట్లే, కానీ వాటి వెనక విడిగా మెషీన్ ఉండదు. క్లౌడ్ సింగిల్ సైన్-ఆన్ (ఆఫీసు లాగిన్‌తోనే క్లౌడ్ సర్వీసుల్లోకి వెళ్ళే సౌకర్యం) కోసం పెట్టిన అజూర్ఏడీఎస్ఎస్ఓఏసీసీ అకౌంట్ పాస్‌వర్డ్ దానంతట అది మారదు, అందుకే పాతదానిలా కనిపిస్తుంది. తీసేస్తే ఆ సైన్-ఆన్ ఆగిపోతుంది. సుదీర్ఘ సెలవులో ఉన్నవాళ్ళ ల్యాప్‌టాప్‌లు ఇంకో రకం. నెలల తర్వాత ఆన్ చేసినా మామూలుగానే డొమైన్‌లో పనిచేస్తాయి, మనం ముందే అకౌంట్ తీసెయ్యకపోతే.

మిగిలినవాటిని డిజేబుల్ చేసి, తేదీ, కారణం డిస్క్రిప్షన్‌లో రాసి, విడి ఓయూలోకి (డైరెక్టరీలో ఫోల్డర్ లాంటిది) మార్చాను. నెలకి పైగా ఆగాను. ఒకరిద్దరు ఫోన్ చేశారు, తిరిగి ఎనేబుల్ చేశాను.

డిలీట్ దగ్గర కొన్ని మొండికేశాయి. కింద ఇంకా ఆబ్జెక్టులు ఉన్నాయంటూ ఎర్రర్. అవి బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే సౌకర్యం) రికవరీ కీలు. కంప్యూటర్ అకౌంట్ లోపలే దాచి ఉంటాయి, అకౌంట్‌తో పాటే పోతాయి. బీరువాలో పడున్న పాత డిస్క్ ఎప్పుడైనా తెరవాల్సొస్తే ఆ కీలే దిక్కు. వాటిని ఎక్స్‌పోర్ట్ చేసి భద్రపరిచాకే రికర్సివ్ ఆప్షన్‌తో, అంటే లోపలి ఆబ్జెక్టులతో సహా, తీసేశాను. ఆ ఎర్రర్‌కి విసుక్కుని బలవంతంగా కొట్టేసేవాళ్ళని చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి.

యాక్టివ్ డైరెక్టరీ రీసైకిల్ బిన్ ముందే ఆన్ చేసి ఉంచాను. విండోస్ సర్వర్ 2008 ఆర్2 నుంచి ఈ సౌకర్యం ఉంది, మామూలుగా 180 రోజుల లోపల వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇకమీదట స్క్రాప్ ఫారం మీద కంప్యూటర్ పేరు లేకపోతే నేను సంతకం పెట్టనని మేనేజర్‌కి మెయిల్ రాసేశాను. ఒప్పుకున్నారు.